మరలో మిగిలిన కారం

నిన్న పొద్దున టీ తాగుతుంటే ఫోనులో ఒక హెచ్చరిక వచ్చింది. వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ ఒక ‘రిక్వెస్ట్ స్మగ్లింగ్’ లోపం బయటపడిందట, వెంటనే సరిచేసుకోవాలట. నా ఈడువాళ్లకు ఈ పేరు వింతగా ఉంటుంది గానీ, నాకు మాత్రం నరసరావుపేటలో నేను కంప్యూటర్లు చూసుకున్న కాలేజీ వరండాలో ఏడుపు ఆపుకుంటూ నిలబడ్డ మాచవరం అమ్మాయి కళ్లముందుకొచ్చింది.

ఆ అమ్మాయి మా వెబ్‌సైటులో మార్కుల జాబితా చూడబోతే, సీటు వదులుకుంటున్నానని ఆమె పేరుతోనే దరఖాస్తు వెళ్లిపోయింది. మర్నాడు సాయంత్రానికి ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. సర్వర్ లాగ్, అంటే ఎవరేం అడిగారో అది రాసుకునే చిట్టా, తెరిస్తే అది ఆమె లాగిన్‌తోనే వచ్చినట్టుంది. ఇంకేముంది, పొరపాటున నువ్వే నొక్కి ఉంటావని అందరికంటే ముందు అన్నది నేనే, సిగ్గుపడుతూ చెబుతున్నాను.

"నేను నొక్కలా మేడమ్, చానాసార్లు చెప్పా. మీ మిషను తప్పు చేయదా ఏంది?" అంది.

ఆ మాటతో మా నాన్న పిండిమర గుర్తొచ్చింది. పైన తొట్టిలో అమ్మ పోసేది, కింద నాన్న డబ్బాలు మార్చేవాడు. గంప ఖాళీ అయితే ఒకరి వంతు అయిపోయినట్టు అమ్మకు, డబ్బా నిండితే అయిపోయినట్టు నాన్నకు. ఇద్దరికీ పొంతన కుదరని రోజున ముందువాళ్ల కారం కాస్త మరలోనే మిగిలి, తర్వాతివాళ్ల జొన్నపిండిలో పడేది. ఒకసారి పక్కింటి అత్త డబ్బా తెచ్చి, "ఏమే, నా పిండిలో ఈ కారం ఏంది?" అని అమ్మ మీదికొస్తే, నువ్వే ఇంట్లో కలుపుకున్నావేమో అని నాన్న అనలేదు. మర ఆపి, విప్పి చూశాడు.

మా కాలేజీలోనూ సర్వర్లు రెండు. బయటిది అందరి రిక్వెస్టులూ తీసుకుని, ఒకదాని వెంట ఒకటిగా ఒకే దారిలో లోపలిదానికి పంపేది. నేను మొదట చూసింది లోపలిదాని లాగ్. ఇన్‌చార్జి సారు ఇంటికెళ్లమన్నా ఇది తేలేదాకా లేచేది లేదని కూర్చుని, ఎవరూ తెరవని బయటి లాగ్‌ను కూడా తెరిచి రెండూ వరుస వరుసగా సరిపోల్చాను. బయటిదాంట్లో ఆ అమ్మాయి అడిగింది మార్కుల జాబితానే! ఆమెకు సరిగ్గా ముందు ఎవడో పంపిన రిక్వెస్టును బయటి సర్వర్ ఒకటే అనుకుంది, లోపలిది మాత్రం మధ్యలోనే అయిపోయిందనుకుని, మిగిలిన తోకను తర్వాత వచ్చిన ఆమె రిక్వెస్టుకు అతికించింది. సీటు రద్దు చేయమన్నది ఆ తోకే. నిన్నటి హెచ్చరికలోని ‘స్మగ్లింగ్’ ఇదే.

సారు రెండు లాగ్‌లూ చూసి "ఆ పిల్లని పిలువమ్మా" అన్నారు. సీటు నిలిచింది. నేను ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకుని, వెబ్‌సైటు ఎంత నెమ్మదించినా సరేనని, ఒక్కొక్కరి రిక్వెస్టుకూ దారి కొత్తగా తెరిచి మూసేలా మార్చాను. ఆ పంపినవాడెవడో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా మర లేదు, పిండి పొట్లాల్లో కొంటున్నాం. సర్వర్లు ఎక్కడుంటాయో చూసుకునేవాళ్లకే తెలియదు. ఇలాంటి లోపాన్ని ఈ తరంవాళ్లు టీ చల్లారేలోగా సరిచేసేస్తారు, సంతోషమే. కానీ డబ్బా పట్టుకొచ్చి అరవడానికి ఆ అత్తకు మా గుమ్మం ఉండేది, ఆ అమ్మాయికి మా వరండా ఉండేది. ఇవాళ "నేను నొక్కలేదు" అని చెప్పుకోవాల్సినవాళ్లు ఎవరి ముందుకు వెళ్లి నిలబడాలి?