గడీ వారి మేనరికం

నిన్న వనపర్తి దవాఖానకు బీపీ చూపించుకోవడానికి వెళ్లాను. వరుసలో నిలబడటం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. ముందున్న చంటిబిడ్డ తల్లిని డాక్టరమ్మ అడిగింది: "మీది మేనరికమా?" నాకు నవ్వాగలేదు. ఒకప్పుడు ఆ ప్రశ్నను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు దాకా ఊరూరా మోసినవాడు మా అక్క కొడుకే.

రెండువేల సంవత్సరం తర్వాతి మాట. మేనల్లుడు హైదరాబాదులో పసిపిల్లల గుండె డాక్టరు. పెద్దవాళ్ల గుండెలుండగా అంత చదివి చిన్నవాళ్లవి చూడటమేమిటని మా ఇంట్లో కొంత చిన్నచూపు ఉండేది. సెలవు దొరికితే ఇటు వచ్చి, గుండెలో రంధ్రంతో పుట్టిన పిల్లలను వెతికి, వాళ్ల ఇళ్లలో దగ్గరి సంబంధాలు ఎన్ని తరాలవో రాసుకునేవాడు. అది అతని పరిశోధన. నేనూ వెంట వెళ్లేవాణ్ని. మా దొరల కోట, గడీ, కూలి దర్వాజ ఒక్కటే మిగిలినా, దాని వారసుడు పక్కనుంటే జనం వింటారని నా నమ్మకం. అసలు పని వేరు. నా కూతురు పుట్టిననాడే ఆమె అతనికేనని అక్కా నేనూ అనుకున్నాం. ఎంత కదిపినా అతను ఔననడు, కాదనడు. ఆ మాట రాబట్టాలి. ఒకసారి మా వంశవృక్షం అడిగితే, బయటి సంబంధం ఒక్కటీ లేకుండా గర్వంగా గీసిచ్చాను. అటూ ఇటూ తిప్పి, "మామా, ఇది చెట్టు లెక్క లేదు, గానుగెద్దు తిరిగిన దారి లెక్కుంది" అన్నాడు. మెచ్చుకున్నాడనే అనుకున్నాను.

గద్వాలలో నేతగాళ్ల వాడకు వెళ్లిన రోజు, ఒక ముసలమ్మ మనవడి గుండె విన్నాడు. ఆ ఇంట్లోనే పెద్ద మనవరాలిని మేనమామకు ఇస్తున్నారని తెలిసి, "వద్దవ్వా, బయటి సంబంధం చూడుండ్రి" అన్నాడు.

"మాకు చెప్తున్నవ్ గని, నీకు పెండ్లైందా సారూ?"

"కాలేదవ్వా."

"మేనమామకు బిడ్డుందా?"

"ఉంది."

"మరి ఆ పిల్లను చేస్కుంటవా, ఇడ్సిపెడ్తవా?"

పక్క ఇళ్లలో మగ్గాల చప్పుడు ఆగింది. చేసుకుంటానంటే ఆ వాడలో అతని మాట ఇక ఎవరూ వినరు. చేసుకోనంటే గడీ బిడ్డను నలుగురిలో కాదన్నట్టు. అతను నావైపు జాలిగా చూసి నోరు తెరిచాడు. ఏమనబోతున్నాడో తెలిసిపోయింది. మా ఇంటి ఆడపిల్లను ఒకరు కాదనడమా! చేతికర్ర నేలకు కొట్టి, "మా పిల్లను మేమే ఇస్తలేం!" అన్నాను.

"ఎందుకు దొరా? పిల్లగాడు మంచిగనే ఉన్నడు గద!"

"ఉంటే? అంత చదువుకున్నోడు వద్దని చెప్పినంక గూడ గట్లనే చేస్తమా?" అన్నాను, వేరే దారి లేక.

ముసలమ్మ మనవడిని చంకకెత్తుకుంది. "దొరలే ఇయ్యమంటే మాదేముంది. మేం గూడ ఇంకో దిక్కు చూస్తం."

జీపులో మేనల్లుడు నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అక్క చాలాకాలం నాతో మాట్లాడలేదు. నా కూతురు మాత్రం ఆ రాత్రి అడగకుండానే ఇంకో భక్ష్యం వడ్డించి, "నన్నడిగుంటే ఎప్పుడో చెప్తుంటి గద నాయినా" అంది.

వంశాలు బాగా ఆలోచించుకుని మారతాయని అనుకునేవాణ్ని. కాలానికి అంత ఓపిక లేదు. చేతికి దొరికినదానితో పని కానిచ్చేస్తుంది. ఆ రోజు దానికి నా రోషం దొరికింది.