నూనె లేని ఇరవై ఒక్క రోజులు

మా అక్క నగరిలో మరమగ్గం మీద పనిచేసేది. అండాశయంలో కేన్సర్ అని తేలాక, తిరుపతి ఆసుపత్రిలో మూడు వారాలకోసారి మందు ఎక్కించేవారు. కడుపులో నీళ్లు ఎందుకు ఊరుతున్నాయని ఒకసారి నేనే డాక్టరమ్మను అడిగాను. ఆమె చీటీ వెనక ఒక సున్నా చుట్టి చూపింది. కణాల పైపొరలోని కొవ్వు నుంచి చిన్న ముక్కలు తెగుతాయట. పెరగమని, పాకమని అవి కేన్సర్ కణాలకు కబుర్లు మోస్తాయట. ఆ కడుపునీళ్ల నిండా అవేనట.

నా చెవిలో కొవ్వు అన్న మాట ఒక్కటే మిగిలింది. ఇంకేమీ అడగకుండా లేచి వచ్చాను.

ఆ శుక్రవారం ఉపవాస కూటంలో నిలబడి, ఇరవై ఒక్క రోజులు మా ఇంట్లో నూనె, నెయ్యి, గుడ్డు, చెనిక్కాయలు ముట్టమని ప్రభువుకు మాటిచ్చాను. సంఘమంతా ఆమెన్ అంది. రాజుగారి భోజనం వద్దని కూరాకులే తిన్నవాళ్ల ముఖాలు కళకళలాడాయని బైబిలు వాక్యంలో చదువుకున్నవాళ్లం కదా.

"ఈ సప్పిడి సంగటి గొంతు దిగదు పాపా. రోంత చెనిక్కాయల ఊరిబిండి నూరకూడదా?" అంది అక్క మూడో రోజు.

"కొవ్వే దానికి మేతక్కా. ఓర్చుకో."

"అది సచ్చేలోపల నన్నే సంపేటట్టుండావే" అని నవ్వి, తినింది. నా ప్రార్థన మీద ఆమెకు నాకంటే గురి.

మందు ఎక్కించే రోజు తూకం చూసి డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది.

"ఏం పెడతా ఉండారమ్మా ఈమెకు?"

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "మా చెల్లెలు అన్నీ పెడతాదమ్మా. నాకే సయించదు."

"కొవ్వు పెడితే అది పెరగదా?" అన్నాను.

"అది ఒంట్లోనే తయారయ్యేదమ్మా. మూకుట్లో నూనె ఆపితే ఆగేది కాదు. ఇంత నీరసంగా ఉంటే ఈ మందు తట్టుకోలేదు. ఇవాళ కుదరదు."

ఆ తర్వాత నెయ్యి వేసి కలిపినా అక్క రెండు ముద్దలకే చేయి కడిగేసేది. నీళ్లు రెండుసార్లు తీశారు. మందు మళ్లీ ఎక్కించనే లేదు.

అక్కను సమాధి చేసిన వారం కూటంలో లేచి చెప్పాను. "ఆ ఉపవాసం ప్రభువు అడగలా. నేనే ఆమె నెత్తిన పెట్టినాను." పాస్టరు అయ్యగారు తల దించుకున్నారు. వెనక నుంచి ఒక పెద్దామె, "దేవుని చిత్తం లేమ్మా" అంది. ఆ మాట చాటున దాక్కోవడం నాకు చేతకాలేదు.

అబద్ధమాడే నాలుక ఆయనకు అసహ్యమని చిన్నప్పుడే నేర్పారు మాకు. రోజూ మోకరించి ఒకటే అడుగుతున్నాను. డాక్టరమ్మ ముందు అక్క ఆడిన అబద్ధాన్ని నా పాపంగా ఎంచమని.