ఏలక్కాయ నమిలిన డ్రైవరు

ఆ ఉదయం తమిళనాడు బోడినాయకనూరు స్టాండులో జీపులో ఉన్నది ఏలక్కాయల ఎస్టేటు కూలీలు ఎనిమిదిమంది, ఎరువు మూటలు రెండు, డ్రైవరు, పని మీద వెళ్తున్న ఇంజనీరును నేను. అద్దం మీద ఘాట్‌లో వేగం ముప్పై అని స్టిక్కరు.

బండి తీసే ముందు డ్రైవరు నోట్లో నాలుగు ఏలక్కాయలు వేసుకున్నాడు. నేను ఫోన్‌లో అమ్మతో తెలుగులో మాట్లాడింది విన్న పక్కసీటు పెద్దావిడ, ఆ కూలీల్లో ఒకామె, తెలుగులోనే అంది:

"దినమంతా ఏలక్కాయల్లోనే ఉంటాము. ఈ ఊర్లో దాన్ని నమిలేది ఎవురు తంబీ? తాగినోడే."

వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే నేరమని నేను డ్రైవరుకు చెప్పాను.

"అది రాత్రిది సార్, దిగిపోయింది" అన్నాడు.

"ఇంజనీరు సారుకు భయమైతే నడిచి రమ్మను. ఎనిమిదికి మాకు హాజరు" అన్నాడు వెనక ఒకతను. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఊదించి చూపిద్దామంటే మిషను లేదు, పోలీసూ లేడు.

పెద్దావిడ చెయ్యి చాచి బండి తాళంచెవి లాగి, తన డబ్బాలో పెరుగన్నం మీద వేసి మూత పెట్టేసింది.

"వేరే డ్రైవరు వస్తే ఇస్తాను."

"ఆలస్యమైతే నీ పేరూ కొట్టేస్తారు, కూలీ పోతుంది అక్కా" అన్నాడు వెనకతను.

"కొట్టనీ. పేరే కదప్పా."

తిట్లన్నీ ఆమెకే పడ్డాయి. డ్రైవరును మాత్రం ఒక్కరూ ఏమీ అనలేదు. వేరే మనిషి వచ్చి బండి తీసేసరికి ఎనిమిదిన్నర. నేనూ అదే ఎస్టేటులో దిగాను. ఆ రోజు హాజరు పుస్తకంలో ఆమెదీ కలిపి ఎనిమిది పేర్లు కొట్టేశారు.