గేటు పక్క బత్తాయి

మిర్యాలగూడ దగ్గరి ఒక పరిశోధన తోటలో సాంసన్ పని గుడ్లు లెక్కపెట్టడం. బత్తాయి చిగుళ్ల మీద నువ్వుగింజంత పురుగు పెట్టే పసుపు గుడ్లవి. భూతద్దం ఒత్తుకుని ఒత్తుకుని అతని కుడికంటి చుట్టూ గుండ్రంగా నల్లమచ్చ పడింది. లెక్కపెట్టేటప్పుడు ఊపిరి బిగబడతాడు. తెగులు బ్యాక్టీరియా ఒంట్లో చేరిన పురుగు ఎక్కువ తింటుందనీ, రెట్టింపు గుడ్లు పెడుతుందనీ, తొందరగా చస్తుందనీ ఆరేళ్లుగా అతను రాసిన లెక్కలే చెబుతున్నాయి. ఆ పురుగు వాలిన చెట్టుకు తెగులు అంటుకుంటుంది. దానికి మందు లేదు. సాయంత్రం ఇల్లు చేరగానే, ఆ పురుగు లోపలికి రాకూడదని, గేటు దగ్గరే చొక్కా విప్పి పక్కనున్న బత్తాయి కొమ్మకు తగిలిస్తాడు. పెళ్లయిన ఏడాది భార్య గ్రేస్ నాటిన చెట్టది.

మొన్న ఆదివారం సాంసన్‌తో కలిసి ప్రార్థన నుంచి వస్తూ గ్రేస్ ఆ చెట్టు దగ్గర ఆగింది. "ఈసారి చిగురు ఎంత మంచిగొచ్చిందో సూడయ్యా! నీ అద్దం పెట్టి సూడు."

చూశాడు. ఊపిరి బిగబట్టి మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ రెట్టింపే, తెగులు పురుగుల లెక్కే వచ్చింది.

"ఏమైందయ్యా?"

సాంసన్ తలెత్తి, అదే కొమ్మకు వేలాడుతున్న నిన్నటి చొక్కా వైపు చూశాడు.

"ఇంట్లకు రావొద్దని ఈడనే ఇడిసిన" అన్నాడు. "గొడ్డలి తే."