వండిన చేతులు

మా తోటికోడలు పోయిన నెల కన్నుమూసింది. ఆదివారం ఆరాధనకి చీర కట్టుకుంటూ ఒంట్లో ఏదోలా ఉందని మంచం మీద కూర్చుంది. అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళేలోగా దారిలోనే ప్రాణం పోయింది. సాయంత్రానికల్లా చోడవరంలోని మా ఇంటికి వడ్డాది నుంచి, రోలుగుంట నుంచి జనం వచ్చేశారు. వచ్చినవాళ్ళంతా ఆవిడ చేతి వంట తలుచుకునే ఏడ్చారు. ఆవిడ పెట్టిన చేపల పులుసు, ఆవిడ కలిపిన ఆవకాయ. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే కుళ్ళుకున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డాం. చేపలు తోమింది నేను, ఉల్లిపాయలు తరిగింది నేను. పేరు మాత్రం ఆవిడది.

మీలో ఎవరికైనా వంట బాగా వచ్చిన తోటికోడలు ఉంటే నా సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆవిడ్ని నేను అక్కా అనేదాన్ని. అక్క కూర రుచి చూసేది కాదు. మూత తీసి, వాసన పీల్చి, ఉప్పు తగ్గిందనేది. ఆవిడ అటు తిరగగానే నేనూ మూత తీసి పీల్చేదాన్ని. మొహానికి ఆవిరి తగలడం తప్ప నాకేమీ తెలిసేది కాదు. ఇంట్లో అన్నదమ్ములు మాటామాటా అనుకుంటే మధ్యలో కంచాలు పెట్టేసి, "ముందు తినీండి, తర్వాత కొట్టుకుందురు గానీ" అనేది. తిన్నాక ఎవరికీ కొట్టుకునే ఓపిక ఉండేది కాదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వండినవన్నీ వడ్డించి అందరూ కూర్చున్నాక మావయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తారు. అది అయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. చివర్న ఎప్పుడూ ఒకటే మాట, "వండిన పెద్దకోడలి చేతుల్ని దీవించు ప్రభువా" అని. అందరితోపాటు నేనూ ఆమెన్ అనేదాన్ని, పళ్ళు బిగించుకుని. ఒక్కసారైనా ఆ చోట చిన్నకోడలు అనే మాట వినాలని ఎంత ఉండేదో నాకు.

ఆమధ్య నాకు ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది. వంటతో ఎలాగూ గెలవలేను, డబ్బు పెట్టైనా గెలుద్దామనుకున్నాను. విశాఖపట్నంలో సముద్రం కనబడే పెద్ద హోటల్లో టేబుల్ బుక్ చేసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటిల్లిపాదినీ కారెక్కించాను.

ముందు సూపు వచ్చింది. అందరం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. మిగతావన్నీ వస్తే ప్రార్థన మొదలుపెడదామని మావయ్యగారు చూస్తున్నారు. సూపు తాగితే తర్వాతది తెద్దామని వెయిటరు గోడ దగ్గర నిలబడి చూస్తున్నాడు. సూపు మీద మీగడ కట్టింది. చివరికి అతనొచ్చి, నచ్చలేదా సార్ అనడిగి, మేం తేరుకునేలోగా గిన్నెలు పట్టుకుపోయాడు. తర్వాత ఇంత పెద్ద తెల్ల ప్లేటులో అగ్గిపెట్టంత చేపముక్క, పక్కన నాలుగు పచ్చటి చుక్కలు వచ్చాయి. మావయ్యగారు చేతులు కట్టుకునే ఉన్నారు. "అన్నం ఏదమ్మా?" అని నన్నడిగారు.

అక్కే ఆయన వైపు వంగి, ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి తెస్తారు, మీరు కానివ్వండి అని చెప్పింది. ఆయన ప్రార్థన చేశారు గానీ, వండినవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎవరో తెలియక తడబడి ఆమెన్ అనేశారు. డబ్బు పెట్టినదాని ఊసే రాలేదు. చేప చల్లారిపోయి చప్పగా ఉంది. పిల్లలు సగం వదిలేశారు. అక్క ఒక్కతే ప్లేటు ఖాళీ చేసి, "బాగుంది సెల్లీ" అంది. ఉప్పు లేదని వాసనతోనే కనిపెట్టే మనిషి ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బిల్లుతో మా వీధిలో ఓ చిన్న పెళ్ళి భోజనాలు అయిపోతాయి.

చీకటి పడకముందే ఇల్లు చేరాం, అందరం ఆకలితోనే. అలవాటు కొద్దీ అందరూ అక్క వైపు చూశారు. అక్క గుమ్మంలోనే కూలబడింది.

"నాకు కాళ్ళు లాగుతన్నాయి. సెల్లి వండుతాది."

అంతకుముందెప్పుడూ ఆవిడ కాళ్ళు లాగడం నేను వినలేదు. వేడన్నం, టమాటా పప్పు, ఎండు రొయ్యల వేపుడు చేశాను. మావయ్యగారు అలవాటుగా పెద్దకోడలి చేతుల్ని దీవించమన్నారు. ప్రార్థన మధ్యలోనే అక్క నోరు విప్పింది.

"మావయ్యా, ఈవేళ వండింది సెల్లి."

ఆయన కళ్ళు తెరవకుండానే చిన్నకోడలు అని దిద్దుకున్నారు. కోరుకున్నది దొరికింది. కానీ అదీ ఆవిడ ఇప్పిస్తేనే దొరికింది కదా అని దానికీ కుళ్ళుకున్నాను. ఈ రోజుకీ ఆవిడంటే నాకు అసూయే. అంత తేలిగ్గా ఇచ్చేయడం నా వల్ల కాదు.

సమాధి కార్యక్రమం అయ్యి, చుట్టాలు వెళ్ళిపోయాక వంట నా మీద పడింది. మూత తీసి వాసన పీల్చాను. ఆవిరి తగిలింది, అంతే. అన్నీ వడ్డించి కూర్చున్నాను. మావయ్యగారు కళ్ళు మూసుకున్నారు. ఒక్క మాట మర్చిపోలేదు.

"వండిన పెద్దకోడలి చేతుల్ని దీవించు ప్రభువా."

అందరూ కళ్ళు తెరిచి నా వైపు చూశారు. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని అలాగే ఆగిపోయారు, ఎవరో దిద్దుతారని వింటున్నట్టు. నేను దిద్దలేదు. కంచాల్లో అన్నం మీద ఆవిరి సన్నగిల్లిపోయింది. మేమెవరం చెయ్యి పెట్టలేదు.