సవరణయ్య వేయని సవరణ

పొద్దున్నే టీ చల్లారిపోతున్నా సరే, ఆయన పత్రికను చివరి పేజీ నుంచే మొదలుపెడతారు. చేతిలో ఎర్ర పెన్సిలు. తప్పు కనిపిస్తే దాని చుట్టూ సున్నా చుట్టి "అయ్యో పాపం" అంటారు. ఆ జాలి తప్పు మీదో, రాసినవాడి మీదో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ అలవాటు పాత పత్రికాఫీసు నాటిది. సర్కారుకూ కొండల్లోని దళాలకూ మధ్య పోరు సాగిన ఆ ఏళ్లను తలుచుకుంటే ఆయనకు తుపాకుల కంటే ముందు సిరా వాసనే గుర్తొస్తుంది. మేడమీద పొడవాటి గది, ఒక కాలు పొట్టిదైన బల్ల, కింద యంత్రం తిరగడం మొదలైతే గలగలలాడే కిటికీ అద్దాలు. చనిపోయినవాళ్ల గురించి నాలుగేసి వాక్యాలు రాయడం అక్కడ ఆయన పని. సర్కారు పంపే కాగితంలో పోయినవాళ్లంతా తీవ్రవాదులు. కొండల్లోంచి వచ్చే కరపత్రంలో అంతా ద్రోహులు. ఈయన మాత్రం ఆ ఇంటికి వెళ్లి, గుమ్మం దగ్గర కూర్చుని, పోయినవాడు ఏం పని చేసేవాడో అడిగి "దర్జీ" అనో "బడిపంతులు" అనో రాసేవారు. అందుకు రెండు వైపుల నుంచీ బెదిరింపులే. అడకత్తెరలో పోకచెక్క బతుకు. నాలుగు వాక్యాల్లో పట్టనిదేమైనా మిగిలితే అది కవితయ్యేది.

తప్పు దొర్లితే మర్నాడే సవరణ వేయాల్సిందే. ఇంటి నంబరు తప్పినా వదిలేవారు కాదు. అక్షరాలు కూర్చే కంపోజిటరు పెద్దాయన అందుకే ఈయనకు "సవరణయ్య" అని పేరు పెట్టాడు.

ఒక వానాకాలం వంతెన దగ్గర బాంబు పేలి, ఒక మనిషి గుర్తుపట్టలేనంతగా కాలిపోయాడు. ఒంటిమీద మిగిలిన వానకోటు ముక్క కరెంటు లైన్‌మన్‌ది. సవరణయ్య ఆ ఇంటికి వెళ్లి, డ్యూటీకెళ్లిన మనిషి తిరిగి రాలేదని భార్య ఏడుస్తూ చెప్పింది విని, అతను పోయాడని నాలుగు వాక్యాలు రాశారు. మూడో రోజు మధ్యాహ్నం ఆ లైన్‌మనే మెట్లెక్కి వచ్చాడు.

"సార్, నేను పోయానని రాసింది మీరేనా?"

సవరణయ్య లేవబోయి మళ్లీ కూలబడ్డారు. "కూర్చో బాబూ. తప్పయిపోయింది. రేపే సరిచేస్తాను."

"తప్పేంటి సార్, బ్రహ్మాండంగా రాశారు! బతికుండగా నన్నెవరూ అంత మెచ్చుకోలేదు, మా ఆవిడతో సహా."

"మరి ఆ కోటు?"

"ఎవరో దారినపోయేవాడు. తడిసి వణుకుతున్నాడని ఇచ్చాను. పేరైనా అడగలేదు సార్." లైన్‌మన్ గొంతు తగ్గింది. "కరెంటు తీస్తే వీళ్లు కొడతారు, ఇస్తే వాళ్లు కొడతారు. ఇద్దరి జాబితాలోనూ ఉన్నాను. పోయానని చదివి ఇద్దరూ నా పేరు తీసేసుంటారు. నన్ను ఇలాగే ఉండనివ్వండి. పిల్లల్ని తీసుకుని ఎటైనా పోతాం."

అతను వెళ్లాక సవరణయ్య తెల్లకాగితం ముందు చాలాసేపు కూర్చున్నారు. సవరణ వేస్తే బతికినవాడు చస్తాడు. వేయకపోతే చచ్చినవాడికి ఆ నాలుగు వాక్యాలూ దక్కవు. ఎక్కడో ఎవరో అతని కోసం ఎదురుచూస్తూనే ఉంటారు.

"ఏమయ్యా, సవరణ ఏదీ? చోటు వదిలాను!" కింద నుంచి కంపోజిటరు కేకేశాడు.

"ఇవాళ తప్పులేం లేవు."

పెద్దాయన పైకి వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఎగాదిగా చూశాడు. లైన్‌మన్ దిగి వెళ్లడం ఆయన కంట పడే ఉంటుంది. "సరేలే. సబ్బు ప్రకటన వేస్తా. నువ్వు కూడా కాస్త మొహం కడుక్కో."

ఆ వారమే సవరణయ్య పోయినవాళ్ల గురించిన ఆ శీర్షిక రాయడం మానేశారు. ఒక అబద్ధాన్ని దాచుకుని, మిగతావి నమ్మమని జనాన్ని అడగలేకపోయారు. పేరు తెలియని ఆ మనిషి మీద కవిత రాశారు. అది చేతులు మారి పోలీసుల దాకా వెళ్లింది. "ఎవడీ వానకోటువాడు? మీ నాయకుడా?" అని జైల్లో పదకొండు నెలలు అడిగారు. "నాకు తెలియదండీ" అనేవారు. జీవితంలో అంతకంటే నిజమైన మాట ఆయన చెప్పలేదు, ఎవరూ నమ్మలేదు.

పోరు ముగిసేసరికి పత్రిక మూతపడింది, కంపోజిటరు కన్నుమూశాడు. లైన్‌మన్ నుంచి సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది, అందరూ క్షేమమని. అప్పుడు సవరణయ్య వంతెన చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగారు. ఆ వానాకాలం మీ ఇంటికి ఎవరైనా తిరిగి రాకుండా పోయారా అని గుమ్మం గుమ్మంలో అడిగారు. చాలా ఇళ్లలో అవునన్నారు.

ఇప్పుడు ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. చిన్నకూతురి ఇంట్లో పైగదిలో ఉంటున్నారు. రోజూ పత్రికలో ఎన్ని తప్పులకు సున్నా చుట్టినా, తను వేయని ఆ ఒక్క సవరణకు మాత్రం ఇంకా పేరు దొరకలేదు.