నూకన్న పేరు మీద పర్మనెంటు

మా ఆయన పేరు గణపతి. ఆఫీసులో మాత్రం ఇరవై రెండేళ్లుగా నూకన్న.

నూకన్న మా బావ, అంటే ఆయన సొంత అన్న. రోడ్ల ఆఫీసు మస్టరులో రోజుకూలీగా పేరు రాయించుకుని, చేపల వేట మానలేక తన బదులు తమ్ముణ్ణి పంపేవాడు. మనిషెవరైతేనేం, పని జరిగితే చాలదా అనుకున్నారు మా వాళ్లు. బుద్ధి ఉండక్కర్లేదూ! మూడో ఏడు గాలివానలో బావ పడవ తిరిగి రాలేదు. చావు రాయిస్తే మస్టరులో పేరు కొట్టేస్తారని రాయించలేదు. అప్పట్నుంచీ మా ఆయన చచ్చిపోయిన అన్న పేరుకి "హాజర్" అని పలికి తారు పని చేస్తున్నాడు.

మొన్న పాత కూలీలందర్నీ పర్మనెంటు చేస్తున్నారని కబురొచ్చింది. ఈ దీవిలో మేముండే ఆస్టినాబాద్‌లో మా వీధంతా మిఠాయిలు పంచుకుంది. పర్మనెంటంటే ఇంటి వివరాలన్నీ అడుగుతారని మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

ఈ పొద్దున ఆయన ఒక్కడే వెళ్లనంటే నేనూ ఆఫీసుకి తోడు వెళ్లాను. క్లర్కు కొత్తవాడు, హిందీవాడు; మంచివాడిలాగే ఉన్నాడు, చూడగానే అభినందించాడు.

"బధాయీ, నూకన్న భయ్యా! భార్య పేరు చెప్పు, రాసుకుంటాను."

ఆయన నా వైపు చూడలేదు. "అమ్మడు," అన్నాడు.

అమ్మడు మా బావ భార్య.

క్లర్కు రాసుకుని తలెత్తాడు. "మరి ఈ దీదీ ఎవరు?"

ఆయన నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "తమ్ముడి పెళ్లాన్ని," అన్నాను.

"తమ్ముడేం చేస్తాడు?"

పిలిపించమంటాడేమోనన్న భయంలో నోరు జారాను. "లేడు బాబూ. వేటకెళ్లి సముద్రంలో పోయాడు."

"అయ్యో," అన్నాడు క్లర్కు జాలిగా. అప్పుడు అతని చూపు నా బొట్టు మీద పడింది.